ఎనిమిదో బండ

పోయినవన్నీ ఒకసారి లెక్క వేస్తాను. ఏడు నాపబండలు. వాటిని కలిపిన ఏడు అతుకులు, బెల్లంనీళ్ళు పోసి నూరిన సున్నంతో పెట్టినవి. ఒక ఇత్తడి కొళాయి, దాని మూతికి కట్టిన గుడ్డ. లోపల చుట్టూరా పాచి పట్టి, నీళ్ళు ఎంతవరకు నిండేవో చూపించే పచ్చటి గీత ఒకటి. బండల అంచుల మీద బిందెలు ఆనించి ఆనించి పడిన నున్నటి గుంటలు, ఇంటికొకటి చొప్పున ఏడు. తడిగుడ్డ చుట్టూ తిరిగే కందిరీగలు కూడా పోయాయి గాని, వాటిని నేను ఎన్నడూ సరిగా లెక్కపెట్టలేకపోయాను, కాబట్టి ఈ పద్దులో వేయడం లేదు.

ఆదోనిలో మేము పెరిగిన వీధిలోని నీళ్ళతొట్టిని పోయిన నెల కొట్టేశారు. ఇంటింటికీ కొళాయిలు వచ్చి చాలాకాలమైంది. తొట్టి ఎండిపోయి, చెత్త పోసే చోటుగా మారింది. కొట్టేయడం తప్పని నేను అనను. ఆ సంగతి మా తమ్ముడు ఫోన్ చేసి సంతోషంగా చెప్పాడు.

"మన బండ మనం తెచ్చేసుకున్న్యామక్కా. ఎవుర్ది వాళ్ళు తీసకపోయినారు. కొట్లాట ల్యాకుండా అయిపాయ."

"మొత్తం ఎన్నిరా?"

"ఏడే కదా. ఏడుమూలల తొట్టికి ఏడు కాక ఎన్నుంటాయి?"

"మురికికాలువ మీద పరిచింది?"

"అదా. కాంట్రాక్టరు అడిగినాడు, ఇదెవుర్దప్పా అని. ఎవుర్దీ కాదు, తీసి పారెయ్ అన్న్యారు అందరూ."

ఎవరిదీ కాదట. ఎమ్మిగనూరులో నూలు కొట్టులో కూర్చుని లెక్కలు చూడడం నా పని. ఆ రోజు ఒకే కూడిక మూడుసార్లు వేస్తే మూడు జవాబులు వచ్చాయి. నాకు అలా జరగదు. కొట్టు యజమాని నావైపు వింతగా చూశాడు. నేను కాగితం పక్కన పెట్టి, ఆ బండ ఎవరిదో రాసి పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

తొట్టి సంగతి తెలియనివారికి మొదటినుంచీ చెప్పాలి. మా వీధి మొత్తానికి ఒకటే కొళాయి. నీళ్ళు రోజూ వచ్చేవి కావు. వచ్చిన పూట పట్టి నిలవ చేసుకోవడానికి వీధి మధ్యన తొట్టి కట్టుకున్నారు. దానికొక కట్టుబాటు ఉంది. వీధిలో ఎన్ని ఇళ్ళుంటే తొట్టికి అన్ని పక్కలు. ప్రతి ఇల్లూ ఒక నాపబండ తేవాలి. అన్ని బండలూ ఒకే కొలత, రెండు మూరల వెడల్పు. వాటిని నిలబెట్టి, అంచుకు అంచు కలిపి, చుట్టూ తిప్పి మూస్తే తొట్టి. ఎవరి బండ దగ్గర వాళ్ళు నిలబడి తోడుకోవాలి. ఒకరి పక్కన ఇంకొకరు బిందె పెట్టకూడదు. కొత్త ఇల్లు వస్తే వాళ్ళూ ఒక బండ తెస్తారు. అప్పుడు తొట్టి విప్పి, ఆ బండను కూడా చేర్చి మళ్ళీ కడతారు. మూలలు ఒకటి పెరుగుతాయి. తొట్టి పేరు మారుతుంది. తొట్టి పేరే వీధి పేరు కాబట్టి అదీ మారుతుంది.

మొదట మూడే ఇళ్ళు. అప్పుడది మూడుమూలల తొట్టి. తరువాత నాలుగుమూలల తొట్టి. మా ఇల్లు ఐదోది.

"నాలుగుమూలల తొట్టి వీదికి కాపరానికి వచ్చినా, ఐదుమూలల తొట్టి నీల్లు తాగినా" అని మా అవ్వ అందరికీ చెప్పుకునేది, తన కోసమే ఊరు పేరు మార్చినట్టు. పేరు మార్చడానికి ఎవరి సంతకమూ అక్కర లేదు. ఆఖరి అతుకు ఆరిన రోజున పిల్లలు చుట్టూ తిరిగి మూలలు లెక్కపెట్టి కొత్త పేరు అరిచేవాళ్ళు. మరుసటి రోజు పాలు పోసే ఆమె ఆ పేరే పలికేది. ఉత్తరాలు తెచ్చే మనిషి మొదట గొణిగి, ఆ వారంలోనే నేర్చుకునేవాడు.

ఆరో బండ ఒక కిరాణా కొట్టు వాళ్ళది. ఏడో బండ మొదటిబండ తాత అల్లుడిది. ఈ తాత గురించి చెప్పాలి. వీధిలో మొట్టమొదట ఇల్లు కట్టినవాడు, మొదటి బండ ఆయనదే, అందుకే ఆ పేరు. పత్తి మండీ ఉండేది. మా నాయన ఆ మండీలోనే తూకాలు వేసేవాడు. తాత ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. అరుగు మీద కూర్చుని, వక్క కొరుకుతూ, ఎదుటివాళ్ళను "అప్పా" అని మెత్తగా పిలుస్తూ తాను అనుకున్నది చేయించేవాడు. అల్లుడిని వీధిలోకి తెచ్చుకున్నప్పుడు పదిరోజుల్లో తొట్టి విప్పించి ఏడో పక్క పెట్టించాడు. ఆ పది రోజులూ వీధంతా దూరపు చేదబావి నుంచి నీళ్ళు మోసింది. ఎవరూ నోరెత్తలేదు.

ఆ ఎండాకాలాలు నాకు వాసనలుగానే గుర్తున్నాయి. జిన్నింగు మిల్లులో నుంచి పత్తినూగు గాలిలో లేచి వచ్చి, ఆరేసిన వరుగుల మీద, జుట్టు మీద, మజ్జిగ ముంతలో కూడా వాలేది. పత్తిగింజల నూనె ఆడే చోట, నూనె పోగా మిగిలిన చెక్క వాసన. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తాలింపు, దాంతోపాటు నూనెలో పడిన మిరపకాయ బజ్జీల ఘాటు. మధ్యాహ్నం జొన్నరొట్టె మీద గురెళ్ళ కారం, దాని మీద వెన్న. వీధిలో ఎవరింట్లో పుంటికూర, అదే గోంగూర, ఉడికినా ఏడు ఇళ్ళకూ నోరూరేది.

కొళాయి వచ్చే ముందు గొట్టం దగ్గేది. ఆ దగ్గు వినగానే పిల్లలం పరుగెత్తి ఎవరి బండ దగ్గర వాళ్ళం నిలబడాలి. అదొక ఆట. ఆఖరున వచ్చినవాళ్ళ వీపు మీద తొట్టిలోని పాచి గీకి రాసేవాళ్ళం. పెద్దవాళ్ళు చూడనప్పుడు బండల అంచుల మీద ఎక్కి నడిచేవాళ్ళం. ప్రతి మూల దగ్గరా ఆగి ఆ ఇంటివాళ్ళ వెక్కిరింపు పేరు పలకాలి. మొదటిబండ తాత ఇంటి పేరు "వక్కపొడి". మా ఇంటి పేరు "తక్కెడ". మా అవ్వ నశ్యం పీల్చేది గనుక "తుమ్ముల తక్కెడ" అని కూడా అనేవాళ్ళు.

ఏడో అతుకు ఎప్పుడూ కారేది. ప్రతి వేసవిలో మేస్త్రీ వచ్చి, పాత గుడ్డలు కూరి, తారు పూసి, తిట్టుకునేవాడు.

"ఈ ఏడు మొండిదప్పా. ఆరంటే తాడు తిప్పితే వచ్చాది. ఎనిమిదంటే గుడ్డ మడిసి మడిసి మడిస్తే వచ్చాది. ఏడుకి ఏ తాడూ దొరకదు. కంటికి సూసి పెట్టాల. ఒక మూల తప్పు పోతాది, ఆడ కారతాది."

ఈ మాట నేను విన్నాను. నాతోపాటు వీధంతా విన్నది.

కౌతాళం దాటి ఒక పల్లె నుంచి ఎనిమిదో ఇంటివాళ్ళు వచ్చారు. రెండేళ్ళు వానలు లేక, ఉన్న చేను అమ్ముకొని, వీధి చివర ఒంటిగది కొనుక్కున్నారు. అద్దెకు కాదు, కొనుక్కున్నారు. భార్యాభర్తలిద్దరూ జిన్నింగు మిల్లులో కూలికి పోయేవాళ్ళు. ఆమెను అందరం కౌతాళమక్క అనేవాళ్ళం. ఆమె మాటలో సగం కన్నడం ఉండేది. వాళ్ళ కూతురు నా ఈడుదే, నా తరగతిలోనే చేరింది.

వచ్చేటప్పుడే ఎవరో కట్టుబాటు చెప్పారు. సామాన్లకు ఒక ఎద్దులబండి సరిపోయింది. రెండో బండిలో ఒకే ఒక నాపబండ వచ్చింది, గడ్డి మీద పడుకోబెట్టి, పసిపిల్లను తెచ్చినట్టు. రెండు మూరలు, సరిగ్గా. నేనే కొలిచాను. కౌతాళమక్క దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తమ గది గోడకు ఆనించి నిలబెట్టింది.

"ఎంటు" అన్నది నాతో, తొట్టి వైపు చూసి. "మా కడ ఎంటు అంటే ఎనిమిది. ఎంటుమూలల తొట్టి. బాగుండాది కదమ్మే పేరు?"

మొదటిబండ తాత దగ్గరికి ఆమె భర్త పోయి అడిగాడు. తాత మెత్తగా అన్నాడు: "పెడదాంలేప్పా. ఎండలు పోనీ." ఎండలు పోయాయి. "వానలు పడతాండాయి, సున్నం ఆరదు. పంట కాలం కానీ." పత్తి వచ్చింది. "మండీలో ఊపిరాడకుండాది. ఉగాది అయినాక సూద్దాం." ఉగాది అయింది. మళ్ళీ ఎండలు. బండ గోడకు ఆనుకునే ఉంది. దాని పసుపు కడిగిపోయింది.

పక్క లేని ఇల్లు నీళ్ళు తోడుకోవడానికి ఒకటే దారి. ఏడు ఇళ్ళ బిందెలూ నిండాక, మిగిలితే, ఎవరైనా జరిగి చోటిస్తే. కౌతాళమక్క మిల్లు కూతకు పోవాలి. కూత కూసేసరికి ఏడిళ్ళవాళ్ళు ఇంకా తోడుతూనే ఉండేవాళ్ళు. ఆమె ఖాళీ బిందె గదిలో బోర్లించి పనికి పోయేది. సాయంత్రం పని నుంచి వచ్చి చేదబావికి నడిచేది. పొద్దున ఆమె అటు పోగానే తొట్టి నిండి పొర్లి, ఎవరికీ అక్కరలేని నీళ్ళు మురికికాలువలోకి పోయేవి. తొట్టి చిన్నది, కొళాయి ఆగే లోపలే నిండిపోయేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

పిల్లల ఆటలో కూడా ఆమె కూతురికి చోటు లేదు. గొట్టం దగ్గగానే మేము తొట్టి దగ్గరికి ఉరికితే, ఆ పిల్ల తమ గోడకు ఆనించిన బండ దగ్గరికి ఉరికి దాని మీద చేయి పెట్టి నిలబడేది. "నేనూ ముట్టినా" అని అక్కడినుంచే అరిచేది. కొందరు నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఎనిమిదో మూల అక్కడుందని లెక్కలో వేసుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే బడిలో లెక్కల అయ్యవారు నల్లబల్ల మీద బొమ్మలు గీశాడు. మూడు గీతలతో మూసింది త్రిభుజం. నాలుగైతే చతుర్భుజం. ఐదైతే పంచభుజి, ఆరైతే షడ్భుజి, ఏడైతే సప్తభుజి, ఎనిమిదైతే అష్టభుజి. ఎన్నైనా కానీ, అన్నిటికీ కలిపి బహుభుజి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇది మా వీధి సంగతే. మేము మూలలు లెక్కపెట్టి పేరు పెడితే వీళ్ళు భుజాలు లెక్కపెట్టి పెట్టారు, అంతే తేడా.

ఒకడు లేచి అడిగాడు. "అయ్యవారూ, రెండు భుజాల దానికి పేరేమి?"

"దానికి పేరు లేదురా. రెండు గీతలతో దేన్నీ మూయలేవు. మూస్తే చూపించు, నీ పేరే పెడతా."

తరగతంతా నవ్వింది. తరువాత ఆయన అన్న మాట నేను ఈనాటికీ మరవలేదు. "పేర్లు బట్టీ పట్టొద్దండి. ముందు భుజాలు లెక్కపెట్టండి. లెక్క సరిగా ఉంటే పేరు దాని వెనకనే వస్తుంది."

నా పక్కన కూర్చున్న కౌతాళమక్క కూతురు పలక మీద అష్టభుజి గీసి, ఒక గీతకు మాత్రం పక్కన చిన్న బిందె బొమ్మ వేసింది.

ఇంటికి పోయి పని మొదలుపెట్టాను. వీధిలో ఖాళీ అగ్గిపెట్టెలు ఏరి తెచ్చాను. అన్నీ ఒకే కొలత గనుక అవి బండలకు సరిపోయాయి. ఏడింటిని నిలబెట్టి చుట్టూ మూసి, అన్నం మెతుకులతో కాగితం పట్టీలు అంటించాను. పక్కనే ఇంకో ఎనిమిదింటితో ఇంకొకటి చేశాను. ఎనిమిదిది కాగితం మడిచి సులభంగా కుదిరింది. ఏడుది మేస్త్రీ చెప్పినట్టే నాలుగుసార్లు విప్పి కట్టవలసి వచ్చింది. నింపడానికి మొదట పత్తిగింజలు తెచ్చాను గాని, నూగుతో ఒకదానికొకటి అంటుకొని సందులు మిగులుతున్నాయి, లెక్క తప్పుతుంది. అందుకని జొన్నలు తీసుకున్నాను. కొలతకు మా అవ్వ నశ్యం డబ్బీ మూత.

ఏడుపక్కల దానికి తొమ్మిది మూతల జొన్నలు పట్టాయి. ఎనిమిదిపక్కల దానికి పన్నెండు పట్టాయి.

నేను మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. ఒక పక్క చేరిస్తే ఏడింట ఒక వంతు పెరగాలి గదా అనుకున్నాను. మూడు మూతలు పెరిగాయి. తొమ్మిదిని ఏడిళ్ళకు పంచితే ఇంటికి ఒకటింబావు మూత, కాస్త పైన. పన్నెండును ఎనిమిదిళ్ళకు పంచితే ఒకటిన్నర. కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళ వాటా తగ్గదు, పెరుగుతుంది. పొర్లి మురికికాలువలో కలిసే నీళ్ళు తొట్టిలోనే నిలుస్తాయి. పైగా కారే మొండి అతుకు పోతుంది. ఇన్ని లాభాలు ఒకే బండలో ఉన్నాయి, అది గోడకు ఆనించి ఉంది.

ఆదివారం పొద్దున తాత అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. మా అవ్వ నన్ను వెంటబెట్టుకొని పోయింది. నేను ఒక పళ్ళెంలో రెండు అగ్గిపెట్టెల తొట్లు, జొన్నలు, మూత పట్టుకుపోయి అందరి ముందూ కొలిచి చూపించాను. జొన్న ఒక్కటి కింద పడనివ్వలేదు.

తాత ముందుకు వంగి శ్రద్ధగా చూశాడు. ఆయన లెక్క తెలిసినవాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది.

"బలే సేసినావు పాపా. నీ కూతురికి బుర్ర ఉండాదప్పా" అన్నాడు, అరుగు కింద నిలబడిన మా నాయనతో. నాయన తల వంచుకొని నవ్వాడు.

"అయితే పెడతారా తాతా?"

"పెట్టొచ్చు. కానీ ఊరంతా ఏడుమూలల తొట్టి అంటాది. మండీ కాగితాల మీద అదే అడ్రసు ఉండాది. బొంబాయి నుంచి ఉత్తరాలు దానికే వచ్చాయి. పేరు మారిస్తే ఎట్ల?"

అవ్వ నశ్యం పీల్చి, తీరిగ్గా తుమ్మి అంది: "ఏమప్పా, మీ అల్లుడు వచ్చినప్పుడు ఆరు ఏడు కాలేదా? అప్పుడు బొంబాయోల్లకి దారి తప్పలేదా?"

అరుగు మీద ఒకరిద్దరు నవ్వు మింగారు. అల్లుడు లేచి లోపలికి పోయాడు.

"అల్లుడు ఇంటోడు కదమ్మా" అన్నాడు తాత.

"వాల్లూ ఇంటోల్లే. ఇల్లు కొన్న్యారు."

"కూలోల్లు. రేపు వానొస్తే ఊరికి పోతారు. బండ యాడ పెట్టుకోవాల మనం?"

"తాతా, లెక్క..." అన్నాను నేను.

"లెక్క సరేలే పాపా. లెక్కలో తప్పేం లేదు. మనుసుల సంగతి లెక్కతో తేలదు."

ఇంతకాలం తరువాత కూడా ఆ మాట నేను ఒప్పుకోను. పత్తి తూకంలో పిడికెడు నూగు తేడా వస్తే రైతును నిలబెట్టి అడిగిన మనిషి ఆయన. తనకు రావలసినదంతా లెక్కతోనే తేల్చుకున్నాడు. ఇంకొకరికి ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం లెక్క చాలలేదు. పేరు మారకూడదు కాబట్టి పక్క పెట్టకూడదట. మా అయ్యవారు చెప్పినదానికి ఇది తలకిందులు.

ఇంటికి వచ్చాక అవ్వ నాయనను అడిగింది. "నోట్లో ఏం పెట్టుకోనుంటివిరా ఆడ?"

"రేపు మండీకి నువ్వు పోతావా అమ్మా?" అన్నాడు నాయన. ఆయన భయం నాకు అప్పుడే తెలుసు. తెలిసినంత మాత్రాన నాకు కోపం తగ్గలేదు.

ఆ తరువాతి కొళాయి రోజున అవ్వ తెగించింది. కౌతాళమక్క ఖాళీ బిందెతో దూరంగా నిలబడి ఉంటే పిలిచింది. "రాయమ్మా. మా పక్కన పెట్టుకో. మాకు ఈపొద్దు సాలు."

ఆమె సందేహించి, వచ్చి, మా బండ మీది గుంటలో తన బిందె ఆనించింది. నిండింది. చంకకు ఎత్తుకోబోతుండగా ఏడో బండ అత్త, అంటే తాత కూతురు, చుట్టూ తిరిగి వచ్చింది.

"ఎవురి పక్కన ఎవురు పెడతాండారు? కట్టుబాటు లేదా ఈ వీదికి?"

"నేనే పెట్టమన్న్యా" అంది అవ్వ.

"నువ్వంటే అయిపాయనా? ఈపొద్దు ఒకరు, రేపు పది మంది."

ఆమె బిందె అంచు పట్టుకొని వంచింది. నీళ్ళన్నీ వీధిలో పడ్డాయి. వేడి మట్టి మీద పడి, ఒక పాయగా సాగి, మురికికాలువలోకి జారాయి. తడిసిన దుమ్ము వాసన లేచింది. మామూలుగా ఎవరికైనా ఇష్టమైన వాసన. నాకు ఆ రోజునుంచీ అది గిట్టదు. ఇన్ని కళ్ళముందర ఒక బిందెడు నీళ్ళు నేలపాలైతే, ఆ వీధిలో, ఆ ఎండలో, ఒక్కరూ కదలలేదు.

కౌతాళమక్క ఏడవలేదు. తిట్టలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకొని, తొట్టి చుట్టూ వేలు చూపిస్తూ ఒందు, ఎరడు, మూరు అని ఏడు దాకా మెల్లగా లెక్కపెట్టింది. తరువాత వేలు తమ గోడ వైపు తిప్పి "ఎంటు" అంది. మిల్లు కూసింది. వెళ్ళిపోయింది.

బడులు తెరిచే లోపలే వాళ్ళు ఎమ్మిగనూరుకు పోయారు. మగ్గాల దగ్గర పని దొరికిందన్నారు. సామాన్లకు మళ్ళీ ఒక బండి సరిపోయింది. రెండో బండికి బాడుగ ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. ఆ పిల్ల బండి వెనక కాళ్ళు వేలాడేసుకొని కూర్చుని నాతో అంది, "మా బండ సూసుకోమ్మే. మా నాయన తీస్కపోతాడంట, మల్లీ వచ్చి."

నేను చూసుకోవడానికి ఏం మిగిల్చారు? అల్లుడు స్కూటరు కొన్నాడు. స్కూటరు ఇంట్లోకి ఎక్కించడానికి మురికికాలువ అడ్డం. ఇద్దరు మండీ హమాలీలు వచ్చి బండను మోసుకుపోయి కాలువ మీద పరిచారు. రెండు మూరలు, సరిగ్గా సరిపోయింది. నేను అరుగు దగ్గరికి పోయి అది కౌతాళమక్కదని చెప్పాను. తాత మెత్తగానే అన్నాడు, "యాడికీ పోలేదు కదా పాపా, ఈడనే ఉండాది."

ఏడో తరగతి తరువాత నన్ను బడి మాన్పించారు. తక్కిన లెక్కలు నేనే నేర్చుకున్నాను, తమ్ముడి పుస్తకాల్లో, తరువాత నా పిల్లల పుస్తకాల్లో. అగ్గిపెట్టెలతో కొలిచింది నిజమేనని సూత్రం వేసి చూసుకున్నాను. భుజం కొలత మారకుండా భుజాలు పెంచుకుంటూ పోతే, లోపలి చోటు అంతకంటే వేగంగా పెరుగుతుంది. ఎన్ని భుజాలకైనా అంతే. ఏడు భుజాలను వృత్తలేఖినితో, స్కేలుతో సమంగా గీయడం ఎవరివల్లా కాదని కూడా చదివాను. మేస్త్రీ చెప్పింది నిజం. ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చాక ఇవన్నీ ఎవరికైనా చెప్పబోతే, తొట్లు పోయి ఎంత కాలమైంది అని నవ్వేవాళ్ళు.

ఒక సంత రోజు చింతపండు బేరమాడుతుంటే, పక్కన ఒక ముసలామె ఎండుమిరపకాయలు ఏరుతూ "ఎంటు" అని లెక్కపెట్టడం వినబడింది. కౌతాళమక్కే. నన్ను గుర్తుపట్టి, చేయి పట్టుకొని, మీ అవ్వ ఉండాదా అని అడిగింది. లేదన్నాను. ఇంకో మాట అడిగింది.

"మా బండ ఉండాదా?"

"ఉండాదక్కా. మురికికాలువ మీద పరిచినారు."

నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "అట్లయితే వీదంతా మా మీదనే నడస్తాండాది అనమ్మా. ఒక్కరూ జారి పడలేదా?"

"లేదక్కా."

"మంచి బండ" అంది. మిరపకాయలు కొంగులో పోసుకొని, కూతురు ఎక్కడుందని నేను అడిగేలోపలే సంత జనంలో కలిసిపోయింది. ఆమె ఇప్పుడు లేదు.

తమ్ముడి ఫోను వచ్చిన వారం ఆదోనికి బస్సెక్కాను. తొట్టి ఉన్నచోట సిమెంటు పూసేశారు. ఏడు బండలు ఏడిళ్ళలో ఉన్నాయి. ఒకరింట్లో వంటగట్టు, ఒకరింట్లో మెట్టు, మా తమ్ముడింట్లో బట్టలుతికే రాయి. ఎనిమిదోది తవ్వి పోసిన మట్టి పక్కన, కాంట్రాక్టరు ట్రాక్టరు కోసం ఎదురుచూస్తూ పడి ఉంది. కింది వైపు ఇన్నేళ్ళ మురికి. పై వైపు మాత్రం అందరి చెప్పులూ తోమి తోమి అద్దంలా నున్నగా ఉంది.

"ఎవురిదో బండ మనకెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఎవరిదో నీకు తెలుసు."

"తెలిస్తే మాత్రం? వాళ్ళు ల్యారు, తొట్టి ల్యా. ఇప్పుడు యాడ పెడతావ్?"

ఇద్దరు కూలీలను పిలిచాను. బండను కడిగించి, వీధి చివర ఆ ఒంటిగది ఉండిన చోట, ఇప్పటి ప్రహరీ గోడకు ఆనించి నిలబెట్టించాను. ఆ గోడ తాత మనవడిది. అతను బయటికి వచ్చి, తాతలాగే మెత్తగా, ఇదేంది అత్తా అని అడిగాడు. మా స్నేహితురాలు వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది, జరిపితే నాకు ఫోన్ చెయ్యి అన్నాను. కౌతాళమక్క కూతురు ఎక్కడుందో నాకు తెలియదు. వెతుకుతున్నాను.

తలెత్తితే ఆ గోడకే కొత్తగా కొట్టిన నీలం బోర్డు కనిపించింది. ఏడుమూలల తొట్టి వీధి. తొట్టి లేదు. మూలలు లేవు. పేరు ఉంది. ఎనిమిది చేయమంటే మారడానికి వీల్లేదన్న పేరు, సున్నా అయినా మారకుండా ఉంది. అయ్యవారు ఉంటే చూపించేదాన్ని.

రావలసినవి ఎనిమిది పక్కలు. ఇచ్చినవి ఏడు. బాకీ ఒకటి.